బరువు తగ్గే దారిలో ఉత్సాహం చావకుండా చూసుకోవడం ఎలా?

ఏటా జనవరిలో ఎంతోమంది బరువు తగ్గాలని నడుం కడతారు. ఫిబ్రవరి నాటికి నీరుగారిపోతారు. వాళ్ళను చూస్తే మనసు తరుక్కుపోతుంది. తప్పు తిండిది కాదు, బద్ధకానిది అంతకన్నా కాదు. ఎదురుదెబ్బ తగిలినప్పుడు ఎలా తప్పుకోవాలో వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, అంతే.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. మనిషికి కావలసింది బరువు తగ్గడం కాదు, 'తగ్గబోతున్నాను' అన్న ఉత్సాహం. నిజంగా తగ్గినవాడికి ఆ ఉత్సాహం ఏడాదిలో ఖర్చయిపోతుంది. తగ్గనివాడికి జీవితాంతం వస్తుంది. కింద చెప్పినవి వరసగా పాటించండి, మీ ఉత్సాహానికి ఏ ఢోకా ఉండదు.

1. మొదలుపెట్టే రోజు తొందరపడి ఖాయం చేయకండి.

సోమవారం తప్ప ఇంకే రోజూ పనికిరాదు. మంగళవారం కొత్త పని పెట్టుకోకూడదని పెద్దలు ఊరికే అనలేదు. బుధవారానికి వారం సగం అయిపోయింది. గురు, శుక్రవారాలు దాటితే సెలవులే. సోమవారం జారిపోతే ఒకటో తారీఖు దాకా ఆగండి. ఒకటో తారీఖే సోమవారమైతే మరీ మంచిది. అలాంటివి ఏడాదికి ఒకటో రెండో, మహా అయితే మూడో వస్తాయి కాబట్టి హడావిడి ఉండదు.

నెల కూడా చూసుకోవాలి. జనవరిలో అరిసెలు, సకినాలు డబ్బాల్లో ఉంటాయి. మీరు ముట్టకపోతే అవి మెత్తబడి పారేయాల్సి వస్తుంది. మాఘంలో పెళ్ళిళ్ళు. ఉగాదికి బొబ్బట్లు. ఆ వెంటనే ఆవకాయ. ముక్కలన్నీ జాడీకెత్తాక, బేసిన్‌కు అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి, నూనె పోసి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతుల్లో అమ్మ ఎర్రటి ముద్దలు పెడుతుంది. ఆ ముద్దకు చెయ్యి చాపనివాళ్ళు తెలుగిళ్ళలో లేరు, మీరు మొదటివారు కావద్దు. ఆపైన బంగినపల్లి, చిన్నరసాలు. ఆషాఢంలో బోనాలు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, చవితికి ఉండ్రాళ్ళు, బతుకమ్మకు సత్తుపిండి, దసరాకు మాంసం, దీపావళికి మిఠాయి పెట్టెలు, కార్తీకంలో వనభోజనాలు, ధనుర్మాసంలో చక్కెర పొంగలి. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు రంజాన్ హలీం ఉంది. దానికి 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాదనడం ఊరిని కాదన్నట్టే. పైగా రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. క్యాలెండర్‌లో ఎక్కడైనా ఒక నెల ఖాళీగా కనిపించి మిమ్మల్ని భయపెడుతుంటే, ఎప్పటికైనా అది వచ్చి పూడుస్తుంది.

మేడారం మొక్కు ఉన్నవాళ్ళయితే ఇంకా జాగ్రత్త. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం ఇస్తామని మొక్కుకుని, జాతర ముందు ఎనిమిది కిలోలు తగ్గడం మర్యాద కాదు. జాతర రెండేళ్ళకోసారి. అది అయ్యాక చూసుకోండి.

2. కాటాను మీ దారికి తెచ్చుకోండి.

బరువు చూసే మిషన్‌ను గచ్చు మీద పెట్టడం పెద్ద పొరపాటు. దళసరి కార్పెట్ మీద పెట్టండి. అడుగు కాళ్ళు మెత్తటి దాంట్లో దిగబడి సెన్సర్ల మీద భారం సరిగా పడదు. కొన్ని మిషన్లు అప్పుడు తక్కువే చూపిస్తాయి. చాలకపోతే వాష్‌బేసిన్ అంచు మీద రెండు వేళ్ళు ఆనించండి. మూడుసార్లు ఎక్కి, మూడింట్లో తక్కువదే రాసుకోండి. పెళ్ళి భోజనం మర్నాడు మాత్రం ఎక్కవద్దు. మిషన్‌లో బ్యాటరీ తీసి టీవీ రిమోట్‌కు వేయండి, రెండు పనులూ అవుతాయి.

3. పెరిగిందంతా నీరు, తగ్గిందంతా కొవ్వు.

ఈ ఒక్క సూత్రం వంటబట్టితే మీకు ఇక ఎదురుదెబ్బ అనేదే లేదు. కిలో కొవ్వు చేరాలంటే శరీరానికి దాదాపు 7,700 కేలరీలు మిగులు పడాలి. నిన్న రాత్రి మీరు తిన్నది ఒక బిర్యానీ, ఒక డబుల్ కా మీఠా. పొద్దున కాటా కిలోన్నర ఎక్కువ చూపించింది. అంత కొవ్వు ఒక్క రాత్రిలో రాదు కాబట్టి అది ఉప్పు పట్టి ఉంచిన నీరే. ఈ మాట డాక్టర్ ముందైనా ధైర్యంగా చెప్పండి, కాదనలేరు. వారం తర్వాత ఇంకో కిలో పెరిగితే అదీ నీరే. నెల తర్వాతా నీరే. ఏడాదికి పన్నెండు కిలోలు పెరిగితే మీ ఒంట్లో నీటికి కరువు లేదని సంతోషించండి.

అదే తగ్గినప్పుడు లెక్క వేరు. అన్నం తగ్గించిన మొదటి వారంలో రెండు కిలోలు చకచకా పోతాయి. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజన్ కరిగిపోతూ, గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని వెంట తీసుకుపోతుంది కాబట్టి అలా జరుగుతుందని పోషకాహార నిపుణులు అంటారు. వాళ్ళ మాట పట్టించుకోకండి. రెండు కిలోల కొవ్వు పోయిందని ఇంట్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చెప్పండి. ఆ రోజే ఆపేయండి. మూడో వారం దాకా సాగదీస్తే తగ్గడం నెమ్మదిస్తుంది, మనసు కష్టపడుతుంది.

4. నడవండి, కానీ లాభసాటిగా.

కేబీఆర్ పార్కో, ఇందిరా పార్కో, విశాఖ బీచ్ రోడ్డో, మీకు దగ్గరలో ఉన్న చోటు ఎంచుకోండి. దాని గేటు దగ్గర మంచి టిఫిన్ బండి ఉందో లేదో ముందు వాకబు చేయండి. మీకన్నా మెల్లగా నడిచే స్నేహితుణ్ణి వెంటేసుకోండి. రాజకీయాలు మొదలుపెడితే వంద అడుగులకోసారి ఆగి, వేలు చూపించి మాట్లాడే వీలుంటుంది. అరగంట నడకకు పోయేది 100 నుంచి 150 కేలరీలు. ఆ లోటును ఒంటికి వెంటనే పూడ్చకపోతే నీరసం వస్తుంది. ఒక నెయ్యి కారం దోసె తింటే పోయింది పోయినట్టు వచ్చేసి, రేపటికి కూడా కొంత మిగులుతుంది.

పదివేల అడుగుల గురించి బెంగ వద్దు. ఆ అంకె ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మడానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది. అమ్మేవాడు పదివేలు అన్నప్పుడు కొనేవాడు వెయ్యి అనకూడదా? బేరం మన హక్కు. వాచీ ఊరుకోకుండా పోరు పెడుతుంటే, దాన్ని మీ అబ్బాయి చేతికి కట్టి గల్లీ క్రికెట్‌కు పంపండి. చీకటి పడేసరికి మీ లెక్క తేలిపోతుంది.

5. ఒక్క తప్పు జరిగితే రోజంతా రద్దు చేయండి.

అనుభవం లేనివాళ్ళు చితికిపోయేది ఇక్కడే. ఉదయం ఉడికించిన శనగలు తిని, గ్రీన్ టీ తాగి ఆఫీసుకు వెళ్తారు. పదకొండింటికి ఎవరో ఊరినుంచి వచ్చి తాపేశ్వరం కాజా పెట్టె విప్పుతారు. మడత మడతకూ పాకం. కొరకగానే బొటనవేలి మీదుగా మణికట్టు దాకా కారుతుంది. ఒకటి తింటారు. ఆ తర్వాత 'సరే, ఒకటే కదా, మధ్యాహ్నం మామూలుగా తిందాం' అనుకుని మళ్ళీ దారిలో పడతారు. ఎంత అన్యాయం! తిన్న కాజాకు విలువ లేదు, ఉన్న ఆకలికి తీరుబడి లేదు.

మునిగినవాడికి చలేమిటి? పదకొండింటికే ఆ రోజు అయిపోయిందని ప్రకటించండి. ఇంకో రెండు కాజాలు తీసుకోండి. మధ్యాహ్నం బిర్యానీ తెప్పించండి. నాలుగింటికి మిరపకాయ బజ్జీ, రాత్రికి ఐస్‌క్రీం. రోజు పాడైతే వారం పాడైనట్టే, ఎందుకంటే వారానికి ఏడు రోజులూ ఉండాలి. వారం పాడైతే నెల లెక్క కుదరదు. నెల కుదరకపోతే మొదటి చిట్కాకు వెళ్ళి రోజు చూసుకోండి. ఒక కాజాతో మూడు నెలల విశ్రాంతి సంపాదించినవాళ్ళను నేను ఎరుగుదును. వాళ్ళ ముఖాల్లో ఎక్కడా అపరాధభావం కనిపించదు.

6. లెక్కలోకి రానివి నేర్చుకోండి.

నిలబడి తిన్నది లెక్కలోకి రాదు. ఉప్పు చూడటానికి గరిటెతో వేసుకున్నది రాదు, ఎన్నిసార్లు చూసినా రాదు. పిల్లల కంచంలో మిగిలిన పప్పన్నం అసలే రాదు; అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారేస్తే పాపం. ప్రసాదం రాదు. పులిహోర ప్రసాదం దొన్నెలో పెట్టినా రాదు, అరిటాకు నిండా పెట్టినా రాదు. శ్రాద్ధ భోజనం రాదు. పక్కవాళ్ళ ప్లేటులోంచి తీసుకున్నది వాళ్ళ ఖాతాలోకి పోతుంది. సీరియల్ చూస్తూ తిన్న కారప్పూస మీకు గుర్తుండదు కాబట్టి రాయడం సాధ్యం కాదు. ఇవన్నీ తీసేస్తే మీరు రోజుకు ఒక పుల్కా, కాస్త కూర తింటున్నారు. 'గాలి పీల్చినా నాకు ఒళ్ళొస్తుంది' అని అప్పుడు నిజాయితీగా చెప్పగలరు.

7. ఏ పద్ధతినీ చులకన చేయకండి, అన్నింట్లో సగం తీసుకోండి.

మన రాష్ట్రాల్లో ఆహార పద్ధతులకు కొదవ లేదు. ప్రతిదాంట్లో ఒకటి వద్దంటారు, ఒకటి తినమంటారు. తినమన్న సగమే తీసుకోవడం మీ పని. కొవ్వు తిని కొవ్వు కరిగించేవాళ్ళు నెయ్యి, మీగడ, మాంసం తినొచ్చంటారు. అన్నం మానమన్న మాట వదిలేసి అది పట్టుకోండి. మంతెన సత్యనారాయణ రాజు గారు తేనె, ఖర్జూరం, పళ్ళు చెబుతారు. ఉప్పూ నూనె మానమనడం ఆయన ఇష్టం. ఖాదర్ వలీ గారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమంటారు. చక్కగా తినండి, కొర్రల బొబ్బట్లుగా, సామల జంతికలుగా. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది కాబట్టి ఆ జంతికలకు అంతర్జాతీయ మద్దతు ఉంది. పదహారు గంటలు కడుపు మాడ్చుకునే పద్ధతిలో మిగతా ఎనిమిది గంటలు తినొచ్చు. ఆ ఎనిమిదే పాటించండి. అన్ని సగాలూ కలిపితే పూట పూటకూ ఏదో ఒక శాస్త్రం మీ పక్షానే ఉంటుంది.

8. రాత్రి అన్నం మానేయండి, టిఫిన్ చేయండి.

ఇది మన పెద్దవాళ్ళు కనిపెట్టిన గొప్ప ఉపాయం. రాత్రి కంచంలో అన్నం కనబడకూడదు. నాలుగు దోసెలు కనబడొచ్చు. దోసెలో ఉన్నదీ బియ్యమే కదా అని ఎవరైనా అంటే, మినప్పప్పు కూడా ఉందని చెప్పండి. పూరీలైతే అసలు బియ్యమే లేదు. శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారం ఉపవాసం పెట్టుకుంటే ఇంకా మేలు. ఉపవాసం నాడు మధ్యాహ్నం ఉప్మా, సాయంత్రం సగ్గుబియ్యం కిచిడీ, అరటిపళ్ళు, పాలు, చుక్క చూశాక నెయ్యి వేసిన పులగం. రోజంతా ఏమీ తినలేదన్న తృప్తితో నిద్ర పడుతుంది.

9. చుట్టాల మాట వినండి.

కర్మకాలి మూడు నాలుగు కిలోలు తగ్గారనుకోండి. ఏదో ఒక పెళ్ళిలో మీ మేనత్త బుగ్గలు పట్టుకుని, "ఏంట్రా ఇలా చిక్కిపోయావు? షుగరా?" అంటుంది. ఆమెకు మీ మీద ప్రేమ. ఆ ప్రేమను అవమానించకండి. వెంటనే కంచం పట్టుకుని రెండో వరసలో కూడా కూర్చోండి.

మరొకరు "భలే తగ్గావే!" అంటారు. అది దిష్టి. ఎర్రనీళ్ళు తీయించుకుని, పది రోజులు డైటింగ్ ఆపండి. విమర్శకూ ఆపండి, మెచ్చుకోలుకూ ఆపండి. ఎవరూ ఏమీ అనకపోతే 'ఇంత కష్టపడినా ఎవరికీ కనిపించలేదు' అని బాధపడి ఆపండి.

ఇంట్లో మాత్రం ఒకరిని బాధ్యులుగా పెట్టుకోవాలి. భార్య వంట బాగుంటే ఆమె వల్ల పెరిగాను అనండి. బాగులేకపోతే బయట తినాల్సివచ్చి పెరిగాను అనండి. అవేవీ కుదరకపోతే థైరాయిడ్. పరీక్షలో మామూలుగా వచ్చిందంటే ల్యాబ్ మార్చండి. అక్కడా మామూలుగానే వస్తే వంశం: 'మా తాతగారిదీ ఇదే శరీరం.' తాతగారు రోజూ రెండు మైళ్ళు పొలానికి నడిచిపోయేవారన్న సంగతి తీయకండి.

10. నడుము ఎక్కడుందో మీరే నిర్ణయించండి.

భారతీయుల్లో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే గుండెజబ్బుకూ మధుమేహానికీ దారి అని వైద్యులు చెబుతారు. టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన పెట్టి చూడమంటారు. మీరు అక్కడ పెట్టకండి. బెల్టు ఉన్నచోటే నడుము. పొట్ట పెరిగేకొద్దీ బెల్టును కిందికి జరుపుతూ పొండి, పాతికేళ్ళకు కొన్న 34 సైజు ప్యాంటు యాభైకి కూడా పడుతుంది.

ఎత్తు, బరువుల సూచీకి రెండు పట్టికలున్నాయి. మనవాళ్ళకైతే 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ప్రపంచ పట్టికలో అవే 25, 30. మీది 29 అయితే ప్రపంచ పౌరులుగా ఉండండి.

ఆడవాళ్ళకు దర్జీయే దిక్కు. జాకెట్టు ఇచ్చేటప్పుడే పక్కల్లో రెండంగుళాలు గుడ్డ వదిలి, మూడు వరసలు కుట్టు వేయమనండి. మొదటి వరస దసరాకు విప్పండి, రెండోది సంక్రాంతికి. మూడోది విప్పే రోజున ఆ చీర పాత ఫ్యాషన్ అయిపోయిందని చెప్పి కొత్తది కొనుక్కోండి.

11. జిమ్‌కు ఏడాది డబ్బు ఒకేసారి కట్టండి. డిస్కౌంట్ వస్తుంది. కట్టినరోజే సగం బరువు దిగిపోయినట్టు ఉంటుంది, మిగతా సగానికి వెళ్ళనక్కర్లేదు. ఇంట్లో ట్రెడ్‌మిల్ కొంటే వర్షాకాలంలో తువ్వాళ్ళు దాని మీద బాగా ఆరతాయి.

12. కాటా కదలడం మానేస్తే శరీరాన్ని గౌరవించండి.

బరువు తగ్గిన శరీరానికి మునుపటంత ఇంధనం అక్కర్లేదు, అందుకే కొన్నాళ్ళకు తగ్గడం ఆగుతుంది. అప్పుడు తిండిని మళ్ళీ చూసుకుని, కాస్త కసరత్తు పెంచాలని చెబుతారు. ఎందుకండీ అంత గొడవ? 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచితే, వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. మీకూ సాయంత్రం ఐదున్నరకు సమోసా తప్ప వేరే ధ్యాస ఉండదు. లక్షణాలు కలిశాయి కాబట్టి చికిత్స మొదలుపెట్టండి.

13. రక్తపరీక్షకు సిద్ధమవ్వండి.

చదువుకునే రోజుల్లో పరీక్ష ముందురోజు రాత్రి చదివి గట్టెక్కినట్టే దీన్నీ గట్టెక్కొచ్చు. రెండు రోజుల ముందు నుంచి మజ్జిగ, కీరా ముక్కలు తీసుకోండి. పరగడుపు షుగర్ ఎంతో కొంత దిగుతుంది. ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించండి. ల్యాబ్ మెట్లు దిగిన వెంటనే పక్క హోటల్లో రెండు ప్లేట్ల పూరీ.

ఒక్క హెచ్‌బీఏ1సీ దగ్గర మాత్రం పప్పులుడకవు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ మధ్యలో మీరు తిన్న కాజాల చక్కెర దానికి అంటుకునే ఉంటుంది, రెండు మూడు నెలల లెక్కంతా బయటపెడుతుంది. రెండు రోజుల మజ్జిగకు అది లొంగదు. కాబట్టి డాక్టర్ గారు రాసిన చీటీలో ఆ పేరు కనబడితే, "అది మొన్ననే చేయించానండీ, రిపోర్టు ఊళ్ళో ఉండిపోయింది" అనండి. ఎప్పటికైనా దొరికిపోతారు. దొరికాక మాత్ర రాస్తారు. మాత్ర వచ్చిందంటే సగం బెంగ తీరినట్టే. స్వీటు తిన్న ప్రతిసారీ 'మాత్ర వేసుకుంటున్నాను కదా' అనే మాట చేతిలో ఉంటుంది. మాత్ర ఒకటి నుంచి రెండైనా, రెండు నుంచి ఇన్సులిన్ అయినా ఆ మాట మార్చాల్సిన పనిలేదు.

14. మోకాళ్ళను సాక్ష్యానికి పిలవండి.

ఇంతవరకు అన్నీ సరిగ్గా పాటిస్తే మోకాళ్ళ నొప్పి దానంతటదే వస్తుంది. ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. పెరిగితే లెక్క ఎటు పోతుందో మీకు తెలుసు. ఎముకల డాక్టర్ "బరువు తగ్గితేగానీ నొప్పి తగ్గదు" అంటారు. మీరు వినయంగా, "నొప్పి తగ్గితేగానీ నడవలేనండీ" అనండి. ఆయన దగ్గర దీనికి జవాబు ఉంటుంది: కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు, ఈత, తిండిలో మార్పులు. ఆ కాగితం మడిచి ఎక్స్‌రే కవర్లో వేసి, కవర్ బీరువా మీద పెట్టండి. 'కొన్నాళ్ళు మెట్లు ఎక్కకండి' అని రాసిన కాగితం మాత్రం విడిగా తీసి ల్యామినేషన్ చేయించండి. పార్కుకు రమ్మని పిలవడానికి వచ్చిన స్నేహితుడికి, తులసికోటకు నీళ్ళు పోయమన్న అమ్మకు, స్కూల్ దాకా రమ్మన్న మనవడికి అదే చూపించవచ్చు.

మంచాన్ని మేడమీద నుంచి కింది గదిలోకి దింపించండి. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ బిగించండి. రేషన్ కార్డు పనికీ, పెన్షన్ పనికీ కొడుకునే పంపండి. గది ఎంచుకునేటప్పుడు గాలీ వెలుతురూ చూడకండి, వంటింటికి ఎంత దగ్గరో చూడండి. లేవకుండానే పిలిస్తే వినబడాలి.